కాలవగట్టు మీదికి వ్యాను రాదు

ఇడ్లీ రవ్వ తూచుకునే తూనిక మీద మా ఆయన సైకిలు సీటు పెట్టారు. శనివారం పొద్దున్న ఏడున్నరకి. నేను మినప్పప్పు డబ్బా పట్టుకుని వెనకాలే నిలబడి ఉన్నాను.

"నాలుగు వందల పది గ్రాములు," అన్నారాయన, సీటుకి చెబుతున్నట్టు.

"అది వంటకి వాడేది."

"కొత్త సీటే. ఇంకా ఎవరూ కూర్చోలేదు."

"కూర్చోవడానికి చేసిందేగా."

"కింద కాగితం వేశానుగా లతా."

"కాగితం బరువు తీసేశారా?"

తీసేయలేదు. తీసేసి చూస్తే నాలుగు వందల ఆరు వచ్చింది. ఆ నాలుగు గ్రాములు చూపించినందుకు ఆయన సంతోషించాల్సింది. ఇంట్లో ప్రతి చిన్నదానికీ రాద్ధాంతం చేస్తానన్నారు. నేను తూనికని సబ్బుతో తుడిచి, ఆరనిచ్చి, పప్పు తూచి నానబోశాను. మధ్యాహ్నం దాకా మేమిద్దరం మహతి ద్వారానే మాట్లాడుకున్నాం. మహతి మా అమ్మాయి, పద్నాలుగేళ్లు. "అమ్మా, డాడీ సేస్ సారీ," అని వచ్చి చెప్పింది. కాసేపాగి, "యాక్చువల్లీ హీ డిడ్ నాట్ సే. బట్ హిజ్ ఫేస్ ఈజ్ లైక్ సారీ లా," అంది. సింగపూరు పిల్లలు మాట చివర లా తగిలిస్తారు.

ఆ రోజుల్లో మా ఆయన ఇంట్లో ఉన్నవన్నీ తూస్తున్నారు. టూత్ బ్రష్, చార్జరు, వాన కోటు, ఆవకాయ సీసా మూతతో, మూత లేకుండా. జూన్ సెలవుల్లో మేము ఫ్రాన్సు వెళ్లాలి. అక్కడ బర్గండీ అనే ప్రాంతంలో పాత కాలవ ఒకటుంది. రెండు వందల నలభై రెండు కిలోమీటర్ల పొడవు, నూట ఎనభై తొమ్మిది లాకులు. ఒకప్పుడు పడవల్ని గట్టు మీద నుంచి గుర్రాలు లాగేవట. ఇప్పుడు గుర్రాలు లేవు, ఆ గట్టుని సైకిళ్లకి వదిలేశారు. దాని మీదికి మోటారు బండి రాకూడదు. పక్కన చెట్ల వరస, అవతల ఆవులు, అక్కడక్కడా లాకు దగ్గర లాకు కాపలాదారు ఇల్లు, కిటికీలో పూలకుండీ. రోజుకి నలభై కిలోమీటర్లు, ఆరు రోజులు.

మా ఆయన శశికాంత్ సైన్స్ పార్క్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్టులు నడుపుతారు. కాబట్టి ఈ ప్రయాణానికి కూడా ఒక ఎక్సెల్ షీటు ఉంది. మాతో వస్తున్నది జనార్దనరావుగారూ వాళ్లావిడ చాముండేశ్వరిగారూ. వాళ్లు క్లెమెంటీలో ఉంటారు. ఆయన బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. వాళ్లకి సొంత కారుంది. సింగపూరులో కారు ఉందంటే మా వైపు చెరువు కింద పొలం ఉన్నట్టు. మొదటిసారి ఈ కాలవ సంగతి విన్నప్పుడు చాముండేశ్వరిగారు, "గట్టు మీద సైకిలు తొక్కడానికి విమానం ఎక్కాలా? మా తణుకులో లాకులు లేవా?" అన్నారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు కనుక వ్యానులో వస్తానన్నారు.

షీటులో ప్రతి మనిషికీ ఒక పని ఉంది. మా ఆయన నాయకుడు. మహతి ఫొటోలు. జనార్దనరావుగారు అందరికన్నా ముందు వెళ్లే మనిషి, ఎందుకంటే ఆయనకి నలభై ఏళ్ల సైకిలు అనుభవం ఉంది, కాలేజీ రోజుల్లో రాజమండ్రి నుంచి కాకినాడ దాకా తొక్కుకుంటూ వెళ్లేవారు. నా పేరు పక్కన లాజిస్టిక్స్ అని ఉంది. అంటే వ్యాను. సామాన్లు, రైస్ కుక్కరు, పచ్చళ్లు, చాముండేశ్వరిగారు ఎక్కిన వ్యానుని నేను నడుపుకుంటూ వెళ్లి, రోజూ ఇరవయ్యో కిలోమీటరు దగ్గర పన్నెండున్నరకి పులిహోర, పెరుగన్నం సిద్ధంగా ఉంచాలి. జనార్దనరావుగారు బయట గుడ్డు తగిలిందేదీ తినరు. ఫ్రాన్సులో గుడ్డు తగలనిది వెతకాలంటే రోజంతా పడుతుంది.

నన్నే వ్యానుకి వేయడానికి కారణం, మా ఇంట్లో లైసెన్సు ఉన్నది నాకే. మా ఆయన తనది ఇక్కడికి మార్పించుకోవడం నాలుగేళ్లుగా వాయిదా వేస్తున్నారు. నాకు సైకిలు రాదు. గుంటూరులో మా కాలేజీ మా ఇంటి వెనక వీధిలోనే ఉండేది, సైకిలు అవసరం పడలేదు. కొత్త దేశంలో, రోడ్డుకి కుడి పక్కన, తొమ్మిది సీట్ల వ్యాను నేను నడపడం మా ఆయనకి ప్రమాదంగా అనిపించలేదు. బండి అన్నదే తిరగని గట్టు మీద సైకిలు తొక్కడం ప్రమాదం.

ఒకసారి అడిగాను. "నేను కూడా తొక్కితే?"

"నీకు రాదుగా," అన్నారు, చాలా మెత్తగా. అది నిజం. నిజం మీద ఎవరైనా ఏం వాదిస్తారు?

తర్వాత నేను మ్యాపు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆరు రోజుల్లో నాలుగు రోజులు ఇరవయ్యో కిలోమీటరు దగ్గర రోడ్డే లేదు. గోధుమ చేలున్నాయి. పెరుగన్నం గిన్నె నెత్తిన పెట్టుకుని రెండు కిలోమీటర్లు నడవాలి. చెబితే మా ఆయన భోజనం చోట్లని వంతెనల దగ్గరికి మార్చి, షీటుకి ఏడో రివిజన్ అని పేరు పెట్టారు. ఎవరు కనిపెట్టారన్నది అందులో రాయలేదు. ఆ వంతెనలు చూస్తున్నప్పుడే నాకు రెండో సంగతి తెలిసింది. వ్యానులో కూర్చున్న మనిషికి కాలవ కనిపించేది వంతెన దాటేటప్పుడే. నా దారిలో పదిహేడు వంతెనలున్నాయి. ఒక్కోటి దాటడానికి నాలుగు సెకన్లు. భోజనానికి ఆగిన చోట గ్యాసు పొయ్యి వైపు చూడాలి కనుక అది లెక్కలోకి రాదు. పదమూడు గంటలు విమానంలో కూర్చుని వెళ్లి నేను కాలవని చూసేది మొత్తం ఒక నిమిషం ఎనిమిది సెకన్లు.

ఆ మంగళవారమే పెద్దవాళ్లకి సైకిలు నేర్పే క్లాసులో చేరాను. పాసిర్ రిస్‌లో. మేముండే యూ టీ నుంచి రైలెక్కి, జూరాంగ్ ఈస్ట్‌లో మారి, చివరి స్టేషను దాకా వెళ్లాలి. గంటన్నర. దగ్గరలో క్లాసులు లేక కాదు. మా బ్లాకులో అయిదు తెలుగు కుటుంబాలున్నాయి, కింద కాలవ పక్కనున్న దారిలో అందరూ వాకింగుకి వస్తారు. అక్కడ పడితే నేను లేచేలోపు వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. ఇంట్లో ఏమీ చెప్పలేదు. పొద్దున్న తొమ్మిది నుంచి రెండు దాకా నేనేం చేస్తానని పద్దెనిమిదేళ్లలో ఎవరూ అడగలేదు, కాబట్టి అబద్ధం చెప్పే అవసరం రాలేదు.

నేర్పేది మిస్టర్ సియా. అరవై దాటిన మనిషి, గొడుగు వదలడు. మొదటి రోజు సైకిళ్లకి పెడళ్లు ఉండవు. పీకేసి ఇస్తాడు. సీటు మీద కూర్చుని కాళ్లతో నేలని తన్నుకుంటూ వెళ్లాలి. "ఆంటీ, లుక్ ఫార్. వై యూ లుక్ అట్ వీల్? వీల్ వోంట్ రన్ అవే," అన్నాడు. నేను దూరంగా చూడటం నేర్చుకున్నాను. మొదటి రోజు మోచెయ్యి గీసుకుపోయింది. ఇంట్లో కొబ్బరి తురుముకునేటప్పుడు తగిలిందనుకున్నారు. మోచేత్తో కొబ్బరి ఎవరు తురుముతారు?

ఇక్కడ జనార్దనరావుగారి దాయాదుల సంగతి చెప్పాలి. మా ఆయన రెండు వారాలకోసారి శనివారం యూ టీలో ట్రయల్ రైడు పెట్టేవారు. అందరూ ఇరవై కిలోమీటర్లు కలిసి తొక్కాలి. మొదటి రైడుకి ముందు రోజు జనార్దనరావుగారి పెదనాన్నగారి అబ్బాయి అమలాపురంలో పోయారు. దాయాదులు కనుక పది రోజులు మైల, రాలేనన్నారు. మా ఆయన రైడు వాయిదా వేశారు. రెండో రైడుకి ఇంకో దాయాది పోయారు. మా ఆయన మళ్లీ వాయిదా వేసి, పాపం ఆ ఇంటికి ఏదో పట్టుకుందన్నారు. మూడోసారి పోయింది నరసాపురం బాబాయిగారు. ఈయన నాకు గుర్తున్నారు. మహతి అయిదో పుట్టినరోజుకి వాళ్లు రాలేకపోవడానికి కారణం కూడా నరసాపురం బాబాయిగారు పోవడమే. ఒక మనిషి తొమ్మిదేళ్ల తేడాతో రెండుసార్లు పోవడం కుదరదని నాకు తెలుసు. కానీ మా ఆయన అప్పటికే సంతాపం మెసేజి పంపేశారు, చేతులు జోడించిన బొమ్మతో సహా.

ఆ తర్వాతి మంగళవారం క్లాసుకి వెళితే, పెడళ్లు లేని సైకిలు మీద, హెల్మెట్టు, మోచేతులకి, మోకాళ్లకి రక్షణ తొడుగులు పెట్టుకుని, జనార్దనరావుగారు కూర్చుని ఉన్నారు.

నన్ను చూడగానే ఆయన బ్రేకులు గట్టిగా పట్టుకున్నారు. సైకిలు అప్పటికే ఆగి ఉంది.

"మైల కదా అంకుల్, బయటికొచ్చారేం?" అన్నాను.

ఆయన హెల్మెట్టు సరిచేసుకున్నారు. "మైలలో గుడికి వెళ్లకూడదమ్మా," అన్నారు. "సైకిలుకి అభ్యంతరం లేదు."

"ఇంత దూరం వచ్చారేం?"

"మనవాళ్లెవరూ ఉండరని. నువ్వేం ఇంత దూరం వచ్చావు?"

"నేనూ అందుకే."

మిస్టర్ సియా మా ఇద్దరినీ చూసి, "యూ నో ఈచ్ అదర్? గుడ్. ఫ్రెండ్స్ లర్న్ ఫాస్ట్," అన్నాడు. నా విషయంలో అది నిజమైంది.

క్లాసయ్యాక పక్కనున్న హాకర్ సెంటర్లో, చిన్న చిన్న తిండి కొట్లున్న చోట, టీ తాగాం. జనార్దనరావుగారు బల్ల మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి చోప్ చేసి, అంటే చోటు ఆపి, తనే వెళ్లి రెండు టీలు తెచ్చారు. బుద్ధిగా కూర్చున్నారు.

"దీపావళి ఫంక్షన్లో మీ ఆయన అడిగాడమ్మా, అంకుల్ మీ రోజుల్లో సైకిలు బాగా తొక్కి ఉంటారు కదా అని. నేను ఊ అన్నాను. ఒక్క ఊ. మిగతాదంతా మీ ఆయనే కలిపాడు."

"రాజమండ్రి నుంచి కాకినాడ?"

"అది నేనే అన్నాను," అని ఒప్పుకున్నారు. "మాట మీద మాట వచ్చింది. వెళ్లింది మాత్రం నిజం. బస్సులో వెళ్లాను."

"ఎప్పుడూ తొక్కలేదా?"

"మా అన్నయ్య తొక్కేవాడు. నేను వెనకాల కూర్చునేవాణ్ణి. ఆ లెక్కన అనుభవం ఉన్నట్టే."

నేను టీ చల్లార్చుకుంటూ నా సంగతి చెప్పాను. వంతెనలు, పదిహేడు, నాలుగు సెకన్లు. ఆయన బ్యాంకు మనిషి, లెక్క వెంటనే అర్థమైంది. "మరీ అన్యాయం," అన్నారు.

"అయితే వ్యాను మీరు నడపండి. మీకు ముప్ఫై ఏళ్ల డ్రైవింగు ఉంది. నేను గట్టు మీద వస్తాను."

"ఏం చెప్పి నడపను? మోకాళ్లు అందామంటే మా ఆవిడ ముందే వాడేసుకుంది."

"సైకిలు రాదని చెప్పండి."

ఆయన కప్పు కింద పెట్టేశారు. "శశి నన్ను గురువుగారూ అని పిలుస్తున్నాడమ్మా. అందరికన్నా ముందు వెళ్లమన్నాడు. ఇప్పుడు రాదంటే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? ఇంకో ఏడు వారాలున్నాయి, నేర్చేసుకుంటాను. నువ్వు మాత్రం చెప్పకు."

"నేను చెప్పను," అన్నాను. "కానీ అడిగితే అబద్ధం కూడా చెప్పను."

ఆ మాట నాకెంత ఇబ్బంది తెచ్చిందో రైల్లో అర్థమైంది. వ్యాను నడపగలిగినవాళ్లం ఇద్దరమే. ఆయన సైకిలు మీద ఉన్నట్టు నటిస్తున్నంత కాలం స్టీరింగు నా చేతిలోనే ఉంటుంది. ఆయన గుట్టు నేను కాపాడితే నా కాలవ పోతుంది. ఆ గుట్టు బయట పెట్టడానికి నాకు నోరు రాదు. అరవై ఒక్కేళ్ల మనిషి మోకాళ్లకి తొడుగులు వేసుకుని గంటన్నర రైలెక్కి వస్తున్నాడు.

ఏడో వారానికి నాకు సైకిలు వచ్చేసింది. ఎలా వచ్చిందో చెప్పలేను. పొద్దున్న రాలేదు, పదకొండింటికి వచ్చింది. పాసిర్ రిస్ పార్కు దారి వెంట మడ చెట్లు దాటుకుని, సముద్రం పక్క నుంచి చివరి దాకా వెళ్లి, ఎవరూ లేనిచోట పెద్ద చుట్టు తిరిగి వెనక్కి వచ్చాను. దారిలో ఒక ఉడుము అడ్డం వచ్చింది. గంట కొట్టాను. అది వెళ్లేదాకా ఆగి, కాలు కింద పెట్టి, మళ్లీ ఎక్కాను. ముఖానికి గాలి కొట్టింది. నలభై మూడేళ్లలో నేను ఏ వాహనంలో వెళ్లినా పక్కన ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు.

జనార్దనరావుగారికి నా పదో వారంలో పెడళ్లు పెట్టారు. పదకొండు మీటర్లు తొక్కి బ్రేకు వేశారు. మళ్లీ పదకొండు మీటర్లు. "అంకుల్, యువర్ బ్రేకింగ్ ఈజ్ ఎక్సలెంట్," అన్నాడు మిస్టర్ సియా. "బట్ ఫస్ట్ మస్ట్ గో."

మే నెల మూడో వారంలో మా ఆయన ఆఖరి రివిజన్ అని ప్రకటించారు. సైకిళ్లు ఎన్ని, ఎవరికి ఎంత ఎత్తు, వ్యాను డ్రైవరు ఎవరు, లైసెన్సు నంబరు, అన్నీ సోమవారం ఫ్రాన్సుకి పంపాలి. ఆ తర్వాత మార్పులుండవు. ఆదివారం వాళ్లిద్దరినీ భోజనానికి పిలిచి, సాయంత్రం నాలుగింటికి అందరూ ట్రయల్ రైడు చేయాలన్నారు. "మైల ఎప్పటితో పోతుంది?" అని నన్నడిగారు. కిందటి వారం ఇంకో దాయాది పోయారన్న సంగతి వచ్చింది కనుక లెక్క చూసి, పదకొండో రోజు ఆదివారమే వస్తుందని చెప్పాను. రాకుండా ఉండటానికి జనార్దనరావుగారికి వీలు లేకుండా పోయింది. ఇంకో దాయాదిని పైకి పంపించేద్దామన్నా వ్యవధి లేదు.

ఆదివారం పన్నెండున్నరకి వచ్చారు. గుత్తి వంకాయ, ముద్దపప్పు, మెంతికూర, మునక్కాడ చారు, పెరుగు. మా ఆయన కంచం పక్కనే ల్యాప్‌టాప్ పెట్టుకున్నారు. కుడిచేత్తో తింటూ ఎడమచేత్తో టైపు చేస్తారు. మొదటి ముద్ద కలుపుతూ ఆయన ముఖం గంభీరంగా పెట్టి, "అంకుల్, వరసగా ఇంతమంది... ముఖ్యంగా నరసాపురం..." అని మొదలుపెట్టారు.

"వంకాయ వేసుకోండి ఆంటీ," అన్నాను చాముండేశ్వరిగారితో, కాస్త గట్టిగా. "మసాలా సరిపోయిందో లేదో చెప్పండి. మీరూ వేసుకోండి అంకుల్. ఏమండీ, ఆ గిన్నె ఇలా ఇవ్వండి."

మా ఆయన గిన్నె ఇచ్చి, ఏం చెబుతున్నదీ మర్చిపోయి, షీటు తెరిచారు.

"గురువుగారూ, మీ సైకిలు కింద రెడీగా ఉంది. సీటు మీ ఎత్తుకి సరిచేసి పెట్టాను. నాలుగింటికి మీరు ముందు, మీ వెనక మహతి, ఆఖర్న నేను."

జనార్దనరావుగారి చేతిలో ముద్ద కంచానికీ నోటికీ మధ్య ఆగింది. వాళ్లావిడ, "తినండి, చల్లారిపోతుంది," అన్నారు. ఆయన తిన్నారు. నమలడం చాలాసేపు జరిగింది.

"డ్రైవర్, మిసెస్ సుమలత," అని మా ఆయన చదివారు. "లతా, నీ లైసెన్సు నంబరు చెప్పు."

"నా పేరు రాయకండి," అన్నాను.

"స్పెల్లింగు తప్పా?"

"నేను వ్యాను నడపను. సైకిలు తొక్కుతాను."

ఆయన నవ్వబోయి, నా చేతిలో గరిటె చూసి ఆపేశారు. "నీకు రాదుగా."

"వస్తుంది. పదకొండు వారాలైంది. పాసిర్ రిస్‌లో నేర్చుకున్నాను."

"వాట్?" అంది మహతి. "అమ్మా, పాసిర్ రిస్? వై సో ఫార్ లా?"

"ఇక్కడ మీ నాన్న ఉన్నారుగా."

"మరి వ్యాను?" అన్నారు మా ఆయన. "సామాన్లు? ఆంటీ మోకాళ్లు? భోజనం? ఆఖరి రోజున ఇలా అంటే ఎలా లతా? వ్యాను లేకపోతే ప్రయాణమే లేదు. ఆర్నెల్ల నుంచి ప్లాన్ చేస్తున్నాను."

"లేకపోతే మానేద్దాం. నేను వస్తే గట్టు మీదే వస్తాను. కిటికీలోంచి కాలవ చూడటానికి రాను."

మా ఆయనకి కోపం వచ్చింది, చెవులు ఎర్రబడ్డాయి. మహతి ఒకసారి నన్నూ ఒకసారి నాన్ననీ చూస్తోంది. నేను జనార్దనరావుగారి వైపు చూడలేదు. చూస్తే అడిగినట్టవుతుంది. చారు గిన్నెలో మునక్కాడ ముక్కలు లెక్కపెట్టాను. తొమ్మిదున్నాయి. మళ్లీ లెక్కపెట్టాను.

జనార్దనరావుగారు గొంతు సవరించుకున్నారు. నీళ్లు తాగారు. మళ్లీ సవరించుకున్నారు.

"వ్యాను నేను నడుపుతాను శశీ," అన్నారు.

"ఛ ఛ, మీరెందుకు అంకుల్? మీ అనుభవం..."

"అనుభవం ఎక్కడికీ పోదయ్యా. పాపం, ఆ అమ్మాయి నేర్చుకుంది. తొక్కనీ. నాకేం, ఈ సైకిళ్లు..." ఇక్కడ ఆయన ఒక్క క్షణం నా వైపు చూశారు, "...ఈ వయసులో నాకెందుకు? ముందు వెళ్లే పని కూడా తనకే ఇచ్చెయ్యి."

మా ఆయన చాలా కదిలిపోయారు. లేచి నిలబడబోయి, చెయ్యి ఎంగిలి అని గుర్తొచ్చి కూర్చున్నారు. "మీది పెద్ద మనసు గురువుగారూ," అన్నారు. "చూశావా లతా, నీ కోసం ఆయన ఏం వదులుకుంటున్నారో!"

"చూశాను," అన్నాను. జనార్దనరావుగారి కంచంలో రెండో వంకాయ వేశాను. చాముండేశ్వరిగారు తల ఎత్తకుండా, "నాకూ ముందు సీటే కావాలి, వెనక కూర్చుంటే నాకు తిప్పుతుంది," అన్నారు.

మా ఆయన ఎడమచేత్తో డ్రైవరు గడిలో నా పేరు తీసేసి ఆయన పేరు కొట్టారు. సైకిళ్ల వరసలో మహతి కింద నా పేరు చేర్చి, దాని పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టారు.

"అది తీసేయండి," అన్నాను.

"నాలుగింటికి తొక్కి చూపించాక తీసేస్తాను."

"ఇప్పుడే తీసేయండి. నా పేరు మహతి పైకి జరపండి, ముందు వెళ్లేది నేను."

ఆయన ప్రశ్నార్థకం తీసేసి, నా పేరుని మహతి పైకి జరిపారు.